తిరుత్తణి దారిలో ‘సలామత్ పో’

నేను బస్రా రేవులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో మా ఆవిడ సుందరమ్మ బందరులో కూర్చుని ఒక మొక్కు మొక్కింది. నేను క్షేమంగా ఇల్లు చేరితే తిరుత్తణి స్వామికి తలనీలాలు ఇప్పిస్తానని. తల నాది, మొక్కు ఆవిడది. వాళ్ళ పుట్టింటివారికి సుబ్రహ్మణ్యస్వామి ఇలవేల్పు కనుక మరో దేవుడికి మార్చుకునే వీలు కూడా లేదు. తిరిగి వచ్చాక ఒక ఏడు జలుబనీ, ఒక ఏడు పెళ్ళిళ్ళనీ చెప్పి తప్పించుకున్నాను. ఈ చైత్రంలో ఆవిడే టిక్కెట్లు కొనేసింది.

మా బందరువాళ్ళకు తిరుపతి తెలిసినంతగా తిరుత్తణి తెలియదు. వెళ్ళిరావలసిన చోటు అని ముందే చెబుతున్నాను. అయితే కొండనూ గుడినీ వర్ణించే శక్తి నాకు లేదు. దారిలో ఒక ఇంట్లో జరిగినది మాత్రం చూసినట్టు చెప్పగలను.

తిరువళ్లూరు

మద్రాసులో పొద్దున్నే రైలెక్కితే ఎండ ముదరకముందే తిరువళ్లూరులో దిగవచ్చు. స్టేషను నుంచి ఊళ్ళోకి జట్కా కట్టించుకున్నాం. బండివాడు అరవంలో మాట్లాడాడు, నేను తెలుగులో మాట్లాడాను, ఇద్దరికీ పూర్తిగా అర్థమయింది. బండి దిగాక మాత్రం అర్థం కాలేదు. అతను అణాల్లో అడిగాడు, నా దగ్గర కొత్తగా వచ్చిన నయాపైసలున్నాయి. లెక్క తేల్చడానికి ఇంకో ముగ్గురు జట్కావాళ్ళు వచ్చారు. నలుగురికీ నాలుగు లెక్కలు వచ్చాయి. చివరకు సుందరమ్మ ఏదో నాణెం అతని చేతిలో పెట్టి “సరిపోయిందిలే నాయనా” అన్నది. అతనూ సరే అన్నాడు. ఎవరు నష్టపోయారో ఇప్పటికీ తెలియదు.

వీరరాఘవస్వామి దర్శనం చేసుకుని వచ్చేసరికి ఆకలి దంచేస్తోంది. బజారులో ఒక కాఫీ హోటలుకు వెళ్ళాం. ఇడ్లీ మా వైపుకన్నా మెత్తన. సాంబారు అడక్కుండానే మళ్ళీ మళ్ళీ పోస్తారు. మా ఊళ్ళో రెండోసారి అడిగితే హోటలువాడు మొహం అదోలా పెడతాడు. కాఫీని ఇత్తడి గ్లాసులో పోసి ఒక వెడల్పాటి గిన్నెలో నిలబెట్టి ఇచ్చారు. ఇక్కడివాళ్ళు దాన్ని గ్లాసులోంచి గిన్నెలోకీ, గిన్నెలోంచి గ్లాసులోకీ తిరగబోసి, గ్లాసు పెదవికి తగలకుండా గొంతులో పోసుకుంటారు. నేను తిరగబోయకుండానే గ్లాసు నోటికెత్తాను. పెదవి కాలింది. సగం కాఫీ పంచెమీద పడింది.

“యా సలాం!” అని అరిచాను. బస్రాలో పట్టుబడిన అలవాటు. సంతోషానికీ, బాధకూ, ఆశ్చర్యానికీ అక్కడ అదే మాట.

ఎదురు బల్లమీద లుంగీల మూట పక్కన పెట్టుకుని కాఫీ తాగుతున్న మనిషి గభాల్న లేచి వచ్చాడు. చక్కగా దువ్విన మీసం, చెవులకు ఎర్రరాళ్ళ కమ్మలు.

“సామీ, ఇబ్బుడు మీరు ఏమన్నారు?”

“ఏమీ లేదండీ. నోరు కాలింది.”

“కాదు సామీ, సలాం అన్నారే. అది యాడ బాస?”

“అరబ్బీ. నేను బస్రాలో పని చేశాను.”

ఆయన నా పక్కనే కూర్చున్నాడు. “మా కోడలు దినామూ ఆ మాటే అంటాది సామీ. సలామత్, సలామత్ అంటాది. మీరు తప్పకుండా మా ఇంటికి రావల్ల.”

“మీ కోడలు అరబ్బు దేశపు పిల్లా?”

“లేదు సామీ, మనీలా.”

బస్రా మనకు పడమరనీ, మనీలా తూర్పుననీ, అక్కడి భాష వేరే భాషనీ, అందులో నాకు ఒక్క ముక్క రాదనీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, “రెండూ సముద్రం అవతలే కదా సామీ?” అన్నాడు.

ఆయన పేరు మునిరత్నం. కనకమ్మ సత్రానికి కోసు దూరంలో వాళ్ళ ఊరు. తెలుగువాళ్ళు, నేతపనివాళ్ళు. ఇంట్లో రెండు మగ్గాలున్నాయి. పెద్దకొడుకు దామోదరం మనీలాలో ఒక బట్టల అంగడిలో మద్రాసు లుంగీలు అమ్మే ఉద్యోగానికి వెళ్ళి, అక్కడే మీలా అనే అమ్మాయిని పెళ్ళాడి, పోయిన నెలలో ఇంటికి తీసుకువచ్చాడు. అతనున్నన్నాళ్ళూ ఆ పిల్ల అతనితో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదట. హార్బరులో సామాను పెట్టెలు చిక్కుకుపోతే వాటికోసం అతను మద్రాసు వెళ్ళాడు. అప్పటినుంచి పిల్ల అత్తగారితో మాట్లాడడం మొదలుపెట్టింది.

“మాట్లాడితే మంచిదే కదండీ?” అన్నది సుందరమ్మ.

మునిరత్నం తల దించుకున్నాడు. “ఏం చెప్పేది అక్కా. మాటకి ముందరా యెనకా ‘పో’ అంటాది. అన్నం పెట్టి పో అంటాది. నీళ్ళిచ్చి పో అంటాది. పిలిస్తే, ‘పో’ అనే పలుకుతాది! మా ఇంటిది రొంబ కోవంగా ఉండాది. నాలుగు దినాలుగా ఆ పిల్ల చేతి అన్నం ముట్టలేదు. కొడుకుని పిలిపించి, ఆ పిల్లని తిరిగి ఓడెక్కించమని తంతి ఇయ్యమన్నాది. అందుకే వచ్చినా. పోస్టాఫీసుకి పోబుద్ధి కాక ఈడ కూర్చోని మూడో కాపీ తాగతా ఉండా.”

“మీ అబ్బాయి ఏమంటాడు?”

“వాడు ఆ పిల్లని విడిచిపెట్టడు సామీ. తల్లి ఒక పక్క, పెండ్లాము ఒక పక్క. వాడొచ్చి ఏ పక్క నిల్చుకున్నా నా ఇల్లు రెండయిపోతాది.”

తెలుగూ అరవమూ మాట్లాడేవాళ్ళు ఈ సరిహద్దులో ఎన్నిటి గురించి కొట్లాడుకున్నా, ‘పో’ దగ్గర ఇద్దరిదీ ఒకటే మాట, ఒకటే అర్థం. ఆ పిల్ల పాపం ఏ భాషవాళ్ళ దగ్గర అన్నా తప్పించుకునే దారి లేదు.

నేను మళ్ళీ నాకు ఆ భాష రాదని చెప్పబోయాను. సుందరమ్మ కాఫీ పడిన నా పంచె తడిగుడ్డతో తుడుస్తూ, “తంతి ఎల్లుండి ఇవ్వొచ్చు. రేపు మీ ఇంటికి వస్తాం” అనేసింది.

కనకమ్మ సత్రం దారి

మర్నాడు మునిరత్నంతో కలిసి తిరుత్తణి బస్సెక్కాం. బస్సులో సగం మంది తెలుగు, సగం మంది అరవం. ఒక మనిషే వాక్యం తెలుగులో మొదలుపెట్టి అరవంలో ముగిస్తాడు. తిరుత్తణి ఇప్పటికి మన ఆంధ్రలోనే ఉంది. తిరువళ్లూరు మద్రాసు రాష్ట్రం. తిరుత్తణి ఇటే ఉండాలని ఒకాయనా, అటు పోవాలని ఒకాయనా ముందు సీట్లో గట్టిగా వాదించుకున్నారు. ఇద్దరూ రెండు భాషల్లోనూ వాదించారు. నా చెవికి తెలుగు పక్షం ఆయన అరవమే ఎక్కువ ధాటిగా వినిపించింది. కనకమ్మ సత్రం దగ్గర ఇద్దరూ దిగి, ఒకే అంగట్లో ఒకే చీటీకి తాంబూలం కట్టించుకుని వెళ్ళారు.

మాకు కూడా అక్కడే దిగడం. సత్రం అంటే నాలుగు దారులు కలిసే చోట వరసగా అంగళ్ళు. వేరుశనగ మూటలు, ఎద్దుల గిట్టలకు లాడాలు కొట్టేవాళ్ళు, సైకిలు బాగుచేసేవాళ్ళు. మునిరత్నం పచ్చి మామిడికాయలు కొన్నాడు. “పిల్ల ఉప్పద్దుకోని తింటాది సామీ,” అన్నాడు మెల్లిగా, “మా ఇంటిదానికి చెప్పొద్దండి.”

అక్కడినుంచి చేలగట్లమీద నడక. నా కొత్త చెప్పు తెగింది. మిగతా దారంతా ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా నడిచి, ఇంటర్‌ప్రెటరుగా ఆ ఇంటికి చేరాను.

మగ్గాల ఇల్లు

మునిరత్నం భార్య చెంగమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. సన్నటి మనిషి, పెద్ద గొంతు.

“ఏమయ్యా, తంతి ఇయ్యమంటే మనుషుల్ని పిల్చుకోనొచ్చినావా?”

“సారుకి ఆ బాస తెలుసే,” అన్నాడు మునిరత్నం నా మొహం చూడకుండా.

మమ్మల్ని మాత్రం మర్యాదగా లోపలికి పిలిచింది. వాకిట్లో పెద్ద మగ్గాలు, గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేసేవి. ఒకదాని దగ్గర కూతురు రుక్కు, పెళ్ళీడు పిల్ల, దారం చుడుతోంది. చెంగమ్మ మాకు రాగిసంగటి, వేరుశనగ పచ్చడి (ఊరుబిండి అంటారు), చల్ల మిరపకాయలు పెట్టింది. సంగటి ముద్దను మేం నమలబోతే ఆవిడ నవ్వాపుకుంది. దాన్ని నమలకూడదట, జారవిడవాలట. ఊరుబిండి రుచి నేను వర్ణించలేను. సుందరమ్మ దాన్ని బందరులో రెండుసార్లు చేసి చూసింది, రాలేదు.

అప్పుడు వంటింటిలోంచి మీలా నీళ్ళ చెంబుతో వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. గుండ్రటి మొహం, చీర ఎక్కడ జారుతుందోనని ఒక చెయ్యి నడుంమీదే. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నాకు చెంబు అందించింది. నేను అలవాటుకొద్దీ అరబ్బీలో “షుక్రన్” అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. ఇంగ్లీషులో “థాంక్యూ” అన్నాను. ఆమె మొహం వెలిగింది. “థాంక్యూ... సలామత్ పో!” అన్నది.

“చూసినారా!” అంది చెంగమ్మ. “ఇంటికొచ్చిన పెద్దమనిషిని కూడా పో అనేసినాది.”

పిల్ల ఠక్కున తల వంచుకుంది. తను ఏదో తప్పు చేసిందని తెలుసు, ఏ తప్పో తెలియదు.

నేను చెంబు పట్టుకుని ఆలోచనలో పడ్డాను. సలామత్ అంటే అరబ్బీలో క్షేమం. బస్రాలో ఒంట్లో బాగాలేని వాణ్ణి చూడబోతే “సలామాత్” అంటారు. నేను “థాంక్యూ” అన్నాక ఈ పిల్ల అదే మాట అన్నదంటే, వాళ్ళ భాషలో అది ధన్యవాదం అయి ఉండాలి. అరబ్బు వర్తకుల ఓడల్లో మలయా దీవులు తిరిగి ఎప్పుడో మనీలా చేరి ఉంటుంది. క్షేమమూ కృతజ్ఞతా కలిసిన మాటకు తోకగా ఎవరైనా ‘ఛీ పో’ అని తగిలిస్తారా? అదే చెంగమ్మతో చెప్పాను.

“సలామత్ మంచిదే కావచ్చు సామీ. పో సంగతి చెప్పండి,” అన్నదామె. నిజమే. నా అరబ్బీ అక్కడితో ఆగిపోయింది.

ఇంతసేపూ సుందరమ్మ ఆ పిల్లనే గమనిస్తోంది. “ఏమండీ, రుక్కుకి కూడా నీళ్ళిమ్మనండి” అన్నది.

సైగ చేశాను. మీలా రుక్కుకు నీళ్ళిచ్చి ఏదో అని నవ్వింది. అందులో పో లేదు. సుందరమ్మకు ఇచ్చింది. పో వచ్చింది. మునిరత్నానికి ఇచ్చింది. మళ్ళీ పో. గోడమీంచి పక్కింటి చిన్నపిల్ల తొంగిచూస్తే ఆ పిల్లకు మామిడి ముక్క ఇచ్చింది, పో లేకుండా.

“చిన్నవాళ్ళకి లేదు, పెద్దవాళ్ళకే ఉంది,” అన్నది సుందరమ్మ. “ఏమండీ! అది మన ‘అండీ’ అండీ!”

నేను మీలా వైపు తిరిగాను. యుద్ధం రోజుల్లో ఆమె బడి మధ్యలో ఆగిపోయిందట, ఇంగ్లీషు నాలుగు ముక్కలకు మించి రాదు. “పో... ఓల్డ్ పీపుల్? రెస్పెక్ట్?” అని అడిగాను.

ఆమె రెండు చేతులూ గుండెలమీద పెట్టుకుంది. “ఎస్! రెస్పెక్ట్! మదర్, ఫాదర్, పో! నో పో, బ్యాడ్ గర్ల్!” అంటూ ఉండగానే, తన మాట ఇన్నాళ్ళూ వాళ్ళ చెవికి ఎలా వినబడిందో ఆమెకు తోచినట్టుంది. “పో?” అని వాకిలివైపు చెయ్యి చూపించింది, పొమ్మన్నట్టు. మునిరత్నం అవునని తలూపాడు. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చెంగమ్మ కాళ్ళముందు కూలబడింది.

చెంగమ్మ గట్టి గొంతు సన్నబడింది.

“నాలుగు దినాలు అన్నం పెట్టి, తిను అత్తా అని బతిమాలింటాదే ఇది. నేను అన్నం తట్ట తోసేసినా.”

ఆమె పిల్ల భుజం పట్టుకుని లేపింది. వెంటనే ఏదో గుర్తొచ్చి నావైపు తిరిగింది. “సరే సామీ. మరి నన్ను నాయనా అని ఎందుకంటాది? ఆయన్ని తాతా అంటాది. ఆయనకి ఇంకా యాభై నిండలేదు.”

మీలాను అడిగితే తేలింది. వాళ్ళ భాషలో ‘నానాయ్’ అంటే అమ్మ. ‘తాతాయ్’ అంటే నాన్న. మన మాటలు అటుదిటుగా వాళ్ళకు వెళ్ళినట్టున్నాయి. మునిరత్నం ఆ మాట విని, “తాతా అంటే నాయన అనా పిలస్తా ఉండింది నన్ను?” అని రెండుసార్లు అడిగి, మగ్గం దగ్గరకు పోయి ఊరికే దారపు నాడె అటూ ఇటూ ఆడించాడు.

చెంగమ్మ వంటింట్లోకి వెళ్ళి ఒక పళ్ళెంలో అన్నం తెచ్చి మీలా చేతికిచ్చింది. మీలా దాన్ని మళ్ళీ ఆమె ముందే పెట్టి, “కాయిన్ నా పో, నానాయ్” అని తినమన్నట్టు సైగ చేసింది. చెంగమ్మ కూర్చుని తిన్నది. తింటూ, “ఉప్పు తక్కువ” అన్నది. కోడలు వండిన అన్నానికి అత్తగారు వంక పెట్టిందంటే ఇల్లు దారిలో పడ్డట్టే అని సుందరమ్మ నా చెవిలో చెప్పింది.

ఆ మధ్యాహ్నమంతా వాకిట్లో మాటలతోనే గడిచింది. రెండు భాషలకూ ఒక మాట కలిసింది కనుక అవి అక్కాచెల్లెళ్ళేనా అని మునిరత్నం అడిగాడు. కాదని చెప్పాను. కాని ఎరువు మాటలు వెతుకుతుంటే సరదాగా ఉంది. సబ్బు చూపిస్తే మీలా ‘సబోన్’ అన్నది. బస్రాలో ‘సాబూన్’. చక్కెర ఆమెకు ‘అసుకాల్’, అక్కడ ‘సుక్కర్’. తన మొహం చూపించి ‘ముఖా’ అన్నప్పుడు మాత్రం రుక్కు ఎగిరి గంతేసింది. అది అరబ్బీలో లేదు, మనదే. మామిడికాయ ఆమెకు ‘మంగ్గా’. అరవంలో అది ‘మాంగా’ కనుక దానికి అరవంవాళ్ళు కూడా తల ఊపుతారు.

తేడా ఎక్కడుందో మగ్గం దగ్గర తెలిసింది. నేత మాటలు అడిగాను. అరబ్బీలో నేశాడంటే ‘నసజ’, నేతగాడు ‘నస్సాజ్’, నేసిన గుడ్డ ‘నసీజ్’. న, స, జ అనే మూడు హల్లులు పడుగులాగా కదలకుండా ఉంటాయి. వాటి మధ్య అచ్చులే మారుతుంటాయి. మీలా భాషలో నేత ‘హబి’. నేశాడనడానికి మాట మధ్యలో ఒక ముక్క దూర్చి ‘హుమాబి’ అంటారు. నేసినది ‘హినాబి’. మగ్గం ‘హబిహాన్’. మనమేమో నేత, నేతగాడు, నేయించాడు అని అన్నీ వెనకే తగిలిస్తాం. తిరుగుప్రయాణంలో మద్రాసులో దామోదరాన్ని కలిసినప్పుడు ఇవన్నీ సరిచూసుకున్నాను. నేను రాసుకున్నవి చూసి, పలుకుబడి కొంచెం దిద్ది, తన భార్య మగ్గం గురించి అన్ని మాటలు ఎప్పుడు మాట్లాడిందా అని ఆశ్చర్యపోయాడు. పెట్టెలు దొరికాయనీ, మర్నాడే ఊరికి వెళ్తున్నాననీ చెప్పాడు. తంతి సంగతి మేం ఎత్తలేదు.

తిరుత్తణి

మర్నాడు కొండకు మాతో చెంగమ్మా మీలా కూడా వచ్చారు. పొద్దున్నే చెంగమ్మే కోడలికి తల దువ్వి, చీర జారకుండా సూదులు పెట్టి కట్టింది.

తిరుత్తణి బజారంతా యాత్రికుల బజారు. విభూతి పొట్లాలు, నెమలి ఈకలు, కావళ్ళు, చందనం. పసుపు బట్టలు కట్టుకున్న గుంపులు అరవంలో “అరోహరా” అని అరుస్తూ ఎక్కుతున్నాయి. మావైపు “గోవిందా” అంటాం కదా, ఆ గొంతు ఇక్కడ ఈ మాటకు వచ్చింది. కింద నా తల క్షురకుడికి అప్పగించాను. ఆయన నున్నగా గీసి చందనం పూశాడు. సుందరమ్మ నన్ను చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. మీలా మర్యాదస్థురాలు. వెనక్కి తిరిగి నవ్వింది.

మెట్ల దగ్గర చెంగమ్మ కోడలికి పూలు కొన్నది. పూలమ్మి మూర అదనంగా వేసి మీలా చేతికే ఇచ్చింది. మీలా రెండు చేతులతో అందుకుని, వంగి, “సలామత్ పో” అన్నది.

పూలమ్మి మొహం ఎర్రబడింది. “ఎన్నమ్మా ఇది? జాస్తి పూలిస్తే పో అంటావా? నేనేమన్నా అడుక్కునేదాన్నా?”

మీలా బిత్తరపోయి అత్తగారి చెయ్యి పట్టుకుంది. నేను ముందుకు వెళ్ళి చెప్పబోయాను. సుందరమ్మ నా కండువా పట్టుకుని ఆపింది.

చెంగమ్మ అడుగు ముందుకు వేసింది. ఆ పెద్ద గొంతు మెట్లన్నిటికీ వినబడింది.

“ఊరుకోమే! అది తిట్టు కాదు, మర్యాద. పెద్దోళ్ళకి తప్ప అనదు. నన్నంటాది, మా ఇంటాయన్ని అంటాది. నిన్నూ అనిందంటే నీకు పెద్దరికం ఇచ్చినాదని అర్థం.”

పూలమ్మి కాసేపు ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. కోపం దిగింది, ఆశ్చర్యం మిగిలింది. “అట్లనా? ఇదేం బాసక్కా? తెలుగా, అరవమా?”

చెంగమ్మ పూలదండ కోడలి జడలో ముడిచి, నిలిచిందో లేదో ఒకసారి తట్టి చూసింది.

“మా ఇంటి బాస,” అని, మీలా చెయ్యి పట్టుకుని మెట్లెక్కింది.